శాపం ఎవరి నెత్తిన?

పాతకాలపు సమాధి. దానిమీద ఒక హెచ్చరిక. లెక్కచేయకుండా తవ్వే మగవాళ్లు. లోపలినుంచి లేచివచ్చే శవం, దాంతోపాటే ఒక శాపం. మమ్మీల సినిమాలన్నిటి కథా దాదాపు ఇంతే. వీటిని చూసినప్పుడల్లా నేను కథ పక్కనపెట్టి లెక్క చూసుకుంటూ ఉంటాను: తవ్వింది ఎవరు, శాపం మోసింది ఎవరు? రెండూ ఒకే మనిషి అయిన కథలు చాలా తక్కువ.

కాలక్షేపం సినిమాలకి ఇంత చర్చ అవసరమా అని నవ్వే మిత్రులున్నారు. నవల చదివే తీరిక దొరకని స్త్రీలు కూడా మన ఇళ్లలో ఈ కథలు చూస్తూనే ఉన్నారు. పాపం, శిక్ష, త్యాగం అనే మాటలకి అర్థాలు వీటినుంచి కూడా నేర్చుకుంటున్నారు. అందుకే వీటిని వదిలేయలేం.

ఈ రకం కథలకి తొలి రూపం ఇచ్చినవాళ్లలో స్త్రీలున్నారన్న సంగతి ఎక్కువగా వినపడదు. ఇంగ్లండులో జేన్ వెబ్ 1827లో, తన పేరు వేసుకోకుండా, 'ది మమ్మీ!' అనే నవల ప్రచురించింది. కథాకాలం 22వ శతాబ్దం. దేశాన్ని రాణి పాలిస్తూ ఉంటుంది. ఆస్థానంలో స్త్రీలు ప్యాంట్లు తొడుక్కుంటారు. తిరిగి లేచిన ఫారో చియోప్స్ వాళ్లని శపించడు, సలహాలిస్తాడు. 'లిటిల్ విమెన్' రాసిన లూయిసా మే ఆల్కాట్ 1869లో రాసిన 'లాస్ట్ ఇన్ ఎ పిరమిడ్' కథ దీనికి పూర్తిగా భిన్నం. పిరమిడ్‌లో దారితప్పిన ఇద్దరు మగవాళ్లు, తాము బతికి బయటపడటం కోసం ఒక మంత్రగత్తె మమ్మీని తగలబెడతారు. ఆమె దగ్గర దొరికిన విత్తనాలు వెంట తెచ్చుకుంటారు. ఆ విత్తనం మొలిచి పూసిన పువ్వుని ఎవలీన్ అనే అమ్మాయి పెళ్లినాడు పెట్టుకుంటుంది. బతికున్న శవమైపోతుంది. ఆ మగవాళ్లలో ఒకడు కూడా చనిపోతాడు, నిజమే. కానీ పిరమిడ్ ముఖం కూడా చూడని ఆ పెళ్లికూతురు ఏం చేసిందని? ఒక స్త్రీ దేహాన్ని కట్టెలా కాల్చిన నేరానికి శిక్ష ఇంకో స్త్రీ దేహం మీద పడింది. ఆల్కాట్ ఆ అన్యాయాన్ని దాచలేదు. కథలోని భయమంతా దానినుంచే పుట్టింది.

తర్వాత వచ్చిన హాలీవుడ్ సినిమాల్లో ఆ అన్యాయం మిగిలింది గాని, అది అన్యాయమన్న ఎరుక పోయింది. స్టీఫెన్ సోమర్స్ 1999లో తీసిన 'ది మమ్మీ' చూడండి. ఇందులోనూ ఎవలీనే. కైరోలో లైబ్రేరియన్, ప్రాచీన లిపి చదవగలిగిన పండితురాలు. ఆమె ఒక గ్రంథం పైకి చదవడం వల్లనే ఇమ్హోటెప్ లేస్తాడు. నిధికోసం ఎడారిని గుల్లచేసిన మగవాళ్లు ఎంతమంది ఉన్నా, ఉపద్రవానికి కారణంగా మాత్రం చదువుకున్న ఆడదే నిలబడుతుంది. పరిశోధన చేసుకునే మనలాంటి వాళ్లకి ఈ తీర్పు కొత్తేమీ కాదు. చివర్లో ఆమె చదివిన మంత్రంతోనే ఇమ్హోటెప్ మామూలు మనిషై చస్తాడు కాబట్టి ఆ మేరకు సినిమాకి మార్కులు వేయొచ్చు. అయితే అంతకు ముందు ఆమెని బలిపీఠం మీద పడుకోబెట్టాల్సిందే. ఇమ్హోటెప్ ప్రియురాలు అనక్ సునమున్‌ని బతికించడానికి ఇంకో స్త్రీ ప్రాణం కావాలి కదా!

ఆ అనక్ సునమున్ సంగతి ఇంకా ఆలోచించాల్సింది. ఆమె ఫారో ఉంపుడుగత్తె. వేరేవాళ్లు తాకితే తెలిసిపోయేలా ఆమె ఒళ్లంతా రంగులు పూసి ఉంచుతారు. చేతిమీద చెరిగిన రంగే ఆమె నేరానికి సాక్ష్యం. పశువులకి వేసే ముద్రకీ దీనికీ తేడా ఏముంది? సినిమా దాన్ని అందమైన అలంకారంగా చూపించి ముందుకు వెళ్లిపోతుంది.

2017లో అలెక్స్ కర్ట్‌జ్‌మన్ తీసిన 'ది మమ్మీ'లో లేచి వచ్చేదే స్త్రీ. అహ్మానెట్ రాజుగారి కూతురు, సింహాసనానికి వారసురాలు. తమ్ముడు పుట్టగానే ఆ హక్కు పోతుంది. ఆమె దుష్టశక్తితో ఒప్పందం చేసుకుని తండ్రినీ పసివాణ్ణీ చంపేస్తుంది. బతికుండగానే పాతేస్తారు. పసిపిల్లవాణ్ణి చంపడాన్ని ఎవరు సమర్థిస్తారు? నేనూ సమర్థించను. నేను అడిగేది వేరు. కొడుకు పుట్టాడని కూతురి హక్కు లాక్కోవడం ఒక్క నిమిషంలో చెప్పేసి, ఆమె రాక్షసత్వాన్ని రెండు గంటలు చూపించడం ఏం న్యాయం? ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి సమాన వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. వాటా అడిగిన ఆడపిల్లని పుట్టింటివాళ్లు ఏ పేరుతో పిలుస్తారో మనకి తెలుసు. అహ్మానెట్ అంత దూరపు మనిషేం కాదు.

మమ్మీ కూడా మనకి దూరపుదేం కాదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఒక ఈజిప్షియన్ యువతి దేహం ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని కొని ఏడో నిజాంకి ఇచ్చాడు, ఆయన మ్యూజియంకి ఇచ్చాడు. బావ కొన్నాడు, బావమరిది పుచ్చుకున్నాడు. ఆమెని చూపించేటప్పుడు మొదట చెప్పేది ఎవరి కూతురో అన్నదే. రెండువేల ఏళ్ల తర్వాత కూడా ఆమె ఒక మగవాడి కూతురిగా, ఇంకో మగవాడి కానుకగానే మనకి తెలుసు.

ఇక మన తెలుగు సినిమాకి వస్తాను. సమాధి, శాపం, తిరిగి లేవడం అన్నీ ఉన్న మన కథ 'అరుంధతి'. కోడి రామకృష్ణ దర్శకత్వంలో, శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మాతగా 2009 జనవరిలో వచ్చింది. ఇది హాలీవుడ్ లెక్కని తారుమారు చేసింది. ఇక్కడ సమాధిలో ఉన్నది అత్యాచారాలు చేసిన మగవాడు పశుపతి. వాణ్ణి అందులో పెట్టించింది గద్వాల సంస్థానపు ఆడపిల్ల జేజెమ్మ. ఆమె వాణ్ణి పడగొట్టేది నాట్యంతో. మగవాడి హింసని చంపినంత మాత్రాన పోదు, గోడల మధ్య మూసినా కాచుకుని ఉంటుంది, తరాల తర్వాత అదే ఇంటి ఆడపిల్లని వెతుక్కుంటూ వస్తుంది అన్న ఊహలో చాలా నిజముంది. ఒక హీరోయిన్ భుజాల మీద అంత పెద్ద సినిమా నిలబడటం కూడా చిన్న విషయం కాదు. అనుష్కని చూసి చప్పట్లు కొట్టిన ఆడవాళ్ల ఆనందాన్ని నేను తక్కువ చేయను.

అయితే లెక్క చివరిదాకా చూడాలి. పశుపతిని అంతం చేయాలంటే జేజెమ్మ చచ్చి మళ్లీ పుట్టాలి. తలమీద కొబ్బరికాయలు కొట్టించుకుంటూ ఆమె ప్రాణం వదులుతుంది. ఆమె ఎముకలతో ఆయుధం తయారవుతుంది. పాపం చేసినవాడు పశుపతి, చావాల్సింది జేజెమ్మ! మన పురాణాల్లో దధీచి వెన్నెముక ఇచ్చాడు గాని, ఆయన పోరు ఆయన దేహం మీద జరిగిన దాడితో కాదు. ఇక్కడ మాత్రం దాడి జరిగేదీ స్త్రీ దేహం మీదే, దాన్ని ఆపడానికి ముడిసరుకూ స్త్రీ దేహమే. మన సమాజం దీన్ని త్యాగం అంటుంది. త్యాగం అన్నాక ఇంకెవరూ ప్రశ్న అడగరు.

అంతకన్నా నన్ను కలవరపెట్టే మనిషి ఇంకొకరున్నారు. జేజెమ్మకి నాట్యం నేర్పిన గురువు. చూపులేని స్త్రీ. పశుపతి ఆమెపై అత్యాచారం చేసి చంపేస్తాడు. ఆ అవమానం భరించలేక వాడి భార్య, అంటే జేజెమ్మ అక్క, ఆత్మహత్య చేసుకుంటుంది. కథ మొదలయ్యేదే ఈ ఇద్దరి చావుతో. కానీ వీళ్లకి పునర్జన్మ లేదు. ఆత్మగా అయినా తిరిగిరారు. దెయ్యమయ్యే అవకాశం అత్యాచారం చేసినవాడికి ఉంది గాని, చేయించుకున్నదానికి లేదు! పుట్టి పగతీర్చుకునే అర్హత జమీందారు ఇంటి ఆడపిల్లకి మాత్రమే. ఆ ఇంట్లో పనిచేసి బతికిన స్త్రీకి కథలో అరగంట కూడా దక్కదు.

సినిమా ఆడాక ఏం జరిగిందో కూడా గుర్తుచేసుకోవాలి. జనం నోట మిగిలింది జేజెమ్మ మాట కాదు, పశుపతి అరుపు. 'బొమ్మాళీ' అన్న ఆ పిలుపు కాలేజీల్లో, బస్సుల్లో ఆడపిల్లల్ని ఆటపట్టించే మాటైంది. అదే ఏడాది అదే అనుష్క నటించిన 'బిల్లా'లో ఆ మాటతోనే ఒక డ్యూయెట్ వచ్చింది. అత్యాచారి బెదిరింపు మూడు నాలుగు నెలల్లో సరసమైపోయింది. సమాధి బద్దలుకొట్టుకుని వాడు నిజంగా వచ్చింది అప్పుడేననిపిస్తుంది నాకు.

ఈ సినిమాల గురించి అచ్యుతాపురంలో దుస్తుల పరిశ్రమలో పనిచేసే అమ్మాయిలతో మాట్లాడాను. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లనుంచీ, శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచీ వచ్చి నలుగురైదుగురు ఒక్కో గది అద్దెకి తీసుకుని ఉంటారు. సెలవునాడు ఫోన్‌లో సినిమా పెట్టుకుంటారు. డబ్బింగ్ మమ్మీ సినిమాలు, అరుంధతి అందరూ చూసినవే. ఒకమ్మాయి అంది: "అక్కా, ఆవిడ జేజెమ్మ గనక మళ్లీ పుట్టీసింది. మనకేటి, ఒక్కసారికే దిక్కు లేదు." ఇంకో అమ్మాయి, "తవ్వినోడు బాగానే ఉంటాడక్కా, ఎప్పుడైనా పక్కనున్నోల్లకే తగులుద్ది" అంది. నేను ఇన్ని పేజీల్లో చెప్పాలని చూస్తున్నది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

ఆమెకి ఆ మాట సినిమానుంచి రాలేదు. 2000 తర్వాత ప్రత్యేక ఆర్థిక మండలి కోసం అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో వేల ఎకరాలు సేకరించారు. పట్టా మగవాడి పేర ఉన్న ఇళ్లలో పరిహారం మగవాడి చేతికి వచ్చింది. ఆ పొలాల్లో కలుపుతీసి, పశువుల్ని మేపి బతికిన ఆడవాళ్ల పనికి ఏ కాగితమూ లేదు. తర్వాత అదే నేలమీద వాళ్ల కూతుళ్లు మిషన్ల ముందు కూర్చున్నారు. 2022 జూన్ 3న, మళ్లీ రెండు నెలలకే ఆగస్టు 2న, ఆ ప్రాంగణంలో విషవాయువు వ్యాపించింది. రెండుసార్లూ కలిపి వందలమంది మహిళా కార్మికులు వాంతులతో, ఊపిరాడక, కళ్లుతిరిగి పడిపోయి ఆసుపత్రుల పాలయ్యారు.

మన ఊళ్లలో 'గాలి సోకింది' అంటే దెయ్యం పట్టిందని అర్థం. "మా నాయనమ్మ ఆ దినం గాలి సోకిందనే అంది. మేం నవ్వినాం. మరి నిజమే కదక్కా, సోకింది గాలే కదా" అంది ఆ గదిలోని అమ్మాయి. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

ఇక్కడ ఐవా ఆంగ్ 1987లో ప్రచురించిన పుస్తకం గుర్తుకొస్తుంది. మలేసియా ఫ్యాక్టరీల్లో పనిచేసే గ్రామీణ యువతులకి పనిచేస్తూ చేస్తూ పూనకాలు వచ్చేవి. యాజమాన్యాలు దాన్ని హిస్టీరియా అన్నాయి, మంత్రగాళ్లని పిలిపించి శాంతులు చేయించాయి. ఆంగ్ మాత్రం దాన్ని నోరువిప్పి చెప్పుకోలేని నిరసనగా చదివింది. ఆ చదువు మనకి అవసరమే, కానీ అచ్యుతాపురానికి అదొక్కటే చాలదు. ఇక్కడి అమ్మాయిలు పడిపోయింది పూనకంతో కాదు, వాయువుతో. స్త్రీ దేహం కుప్పకూలినప్పుడల్లా దెయ్యమనో మానసిక బలహీనత అనో అనడం ఎంత తప్పో, ప్రతిదాన్నీ ప్రతీకగా చదవడమూ అంతే తప్పు. కొన్నిసార్లు శాపానికి రసాయన నామం ఉంటుంది. దానికి విచారణ కావాలి, పరిహారం కావాలి, జవాబు చెప్పే మనిషి కావాలి.

శాపం కథలో ఉన్న అసలు మోసం ఇదేననుకుంటున్నాను. శాపం అనగానే బాధ్యుడు మాయమవుతాడు. 'అరుంధతి' పశుపతికి ముఖం ఇచ్చింది, అది దాని బలం. వాణ్ణి ఆపే భారం మళ్లీ అరుంధతి నెత్తినే పెట్టింది, అది దాని ఓటమి. ఆల్కాట్ నూటయాభై ఏళ్లకి ముందే అడిగిన ప్రశ్నని మనం ఇంకా పూర్తిగా అడగలేదు.

అడగాల్సింది రచయిత్రులే. చూపులేని ఆ నాట్య గురువు వైపునుంచి ఈ కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. ఆమె చావకుండా, ఎముకలు ఎవరికీ ఇవ్వకుండా, బతికి ఉండి సాక్ష్యం చెప్పే కథ.