మరిగించినా పోనిది: ఫ్లోరైడు నేలపై నర్సు విద్య

నల్లగొండ మెట్ట ప్రాంతపు గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడు కరిగి బోరు నీళ్లలో కలిసినా నీటి రంగు గానీ వాసన గానీ మారదు కనుక, కంటితో చూసి నీళ్ల మంచిచెడ్డలు తేల్చే ఇల్లాలి అనుభవం అక్కడ అక్కరకు రాదు. అటువంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికి పళ్లపై గార మచ్చలు ఏర్పడి, ఎముకలూ కీళ్లూ బిగిసి, నడుము వంగిపోయే స్థితినే ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించగా, నల్లగొండ పరిస్థితిని ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. వైద్యులు వ్యాధిని వర్ణించడం, ఇంజనీర్లు నీటిని బాగుచేయబూనడం చరిత్రకెక్కాయి గానీ, మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పుతూ, అదే మంచం దగ్గర ఇంటివారికి నీళ్ల సంగతి చెప్పే నర్సు పనికి అంత గుర్తింపు దక్కలేదు.

ఆ పనిలో మొదటిది దేహాన్ని కదిలించే నేర్పు. వెన్నెముక చుట్టూ ఉన్న స్నాయువులు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీలు, సున్నం పేరుకుని గట్టిపడటం వల్ల రోగి మెడ, నడుము విడివిడిగా తిరగవు. అందుచేత తల, భుజాలు, తుంటి ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు ముగ్గురు కలిసి దుంగను దొర్లించినట్టు తిప్పాలి, బిగిసిన మెడను బలవంతంగా వంచరాదు. ఫ్లోరైడు పట్టిన ఎముక దట్టంగా కనిపించినా పెళుసుగా ఉండవచ్చు గనుక రెక్క పట్టి లాగి లేపడం ప్రమాదకరం. రెండేసి గంటలకు పక్క మార్చడం, మడమలను, నడుము కింది భాగాన్ని ఎర్రబారాయేమోనని పరిశీలించడం పడక పుండ్లు పడకుండా తీసుకునే జాగ్రత్తలు. వెన్నుపాము నొక్కుకుపోయినవారి కాళ్లకు స్పర్శ తగ్గుతుంది. నొప్పి ఉందని ఇంటివారు ప్రేమతో పెట్టే వేడి కాపడం ఆ కాళ్లను బొబ్బలెక్కించవచ్చన్న హెచ్చరిక ముందుగా చెప్పవలసిన మాట.

వ్యాధిని తొలిదశలో అనుమానించడానికి మూడు కదలికల పరీక్ష ఉంది. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లను తాకమనడం, గడ్డాన్ని రొమ్ముకు ఆనించమనడం, చేతులు పక్కలకు చాచి మడిచి తల వెనుక తాకించమనడం అనే ఈ మూడింటికి పరికరాలు అక్కరలేదు కనుక ఊళ్లో పనిచేసే సహాయక నర్సు (ఏఎన్‌ఎం) గానీ ఆశా కార్యకర్త గానీ వాకిట్లోనే చేయించగలరు. అయితే కీళ్లనొప్పులకు వేరే కారణాలూ ఉంటాయి గనుక, కదలిక తగ్గినవారిని మూత్రంలో, తాగే నీటిలో ఫ్లోరైడు పరీక్షలకు పంపడం వరకే దీని ప్రయోజనం.

అసలు చిక్కు బోధనలో ఉంది. విరేచనాలు, టైఫాయిడ్ వ్యాపించే చోట్ల నీళ్లు మరిగించి తాగమని చెప్పడం సరైన సలహాయే, క్రిములు చస్తాయి. కానీ మరిగించినప్పుడు ఫ్లోరైడు ఆవిరైపోదు, నీరు తగ్గేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. కనుక ఒకే నోటితో ఒక ఊళ్లో చెప్పిన మాట పక్క ఊళ్లో చెరుపు చేస్తుంది. ‘తాగే నీళ్లు’ అన్న మాట కూడా ఇరుకైనదే: గ్లాసులో పోసుకునేవి మంచి నీళ్లే అయినా, పప్పు ఉడికించేది, జొన్నరొట్టె పిండి కలిపేది, చాయ్ కాచేది బోరు నీళ్లతోనైతే ఫ్లోరైడు కడుపులోకి చేరుతూనే ఉంటుంది. తేయాకులోనూ ఫ్లోరైడు ఉండటం మరో మెలిక.

నీటిలోని ఫ్లోరైడును తగ్గించేందుకు 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నెమ్మదిగా తిప్పి, తేరనిచ్చి, పై నీటిని వంపుకునేది. పటిక మోతాదు నీటి గుణాన్ని బట్టి మారాలి, సున్నం అందులో సుమారు ఇరవయ్యో వంతు పడాలి, అడుగు మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది. జిల్లా పేరు మోసినప్పటికీ, రోజూ కొలతలు చూడవలసిన ఈ పద్ధతి పొద్దున్నే కూలికి వెళ్లే ఇంటికి బరువే.

ఆహారం సంగతి కొంత సులువు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడు ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని వర్ణించారు. కాల్షియం తక్కువైన తిండి ఇలాంటి హానిని ముదిరిస్తుంది కనుక పాలు, నువ్వులు, ఆకుకూరలు, పక్కనున్న పాలమూరు (మహబూబ్‌నగర్) వారు తైదలని పిలిచే రాగులు చెప్పదగినవి. చింతపండు తిన్నవారి మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి వెళ్లిందని అదే సంస్థ చేసిన అధ్యయనం 2002లో వెలువడింది; పులుసు తినే ఇళ్లలో ఇది వినగానే నమ్మే మాట, అయితే మంచినీటికి బదులు కాదు. పళ్లపై మచ్చలు ఉన్న పిల్లలకు తోముకోలేదన్న నింద తప్పించాలి. పంటి పైపొర తయారయ్యే వయసులో పడ్డ మచ్చ తోమితే పోదు.

చెప్పింది వినడం వేరు, అర్థం కావడం వేరు గనుక, నర్సింగ్‌లో రోగి చేతే తిరిగి చెప్పించడం ఒక విధానం. ‘అర్థమైందా’ అంటే ‘అయింది’ అనే జవాబే వస్తుంది. పాలమూరు నుండి కొడుకూ కోడలూ వలసకు వెళితే మనుమలను చూసుకునే ముసలమ్మే వినవలసిన మనిషి, ఆమెకు తగ్గట్టు మాట కుదించాలి. 2016 ఆగస్టు 7న ప్రారంభమైన తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథతో నది నీళ్లు ఇంటి ముందుకు వచ్చాక పరిస్థితి మారింది, కానీ పక్కనే చేతిపంపు, బోరు నిలిచే ఉన్నాయి. అందుకే ఏఎన్‌ఎం ముసలమ్మను అడగవలసిన ప్రశ్న, నల్లా నీళ్లు వస్తున్నాయా అని కాదు, నల్లా రాని రోజున అన్నం ఏ నీళ్లతో వండావని.