కట్టని కట్టడానికి కైమోడ్పు

ఇటుక ఎరగని ఇల్లా, ఇసుక లారీ రాని వాకిలీ, నీకు దండం! ఆర్కిటెక్చర్ పిల్లల ఆఖరి సెమిస్టర్ థీసిస్సూ, నీకు శంకుస్థాపన లేదు, గృహప్రవేశం లేదు, గుమ్మానికి గుమ్మడికాయ కట్టేవాళ్లు లేరు. అయినా మాసబ్‌ట్యాంక్ స్టూడియోల్లో, విజయవాడ ఎస్‌పీఏ హాస్టల్ గదుల్లో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ డ్రాయింగ్ హాళ్లలో తాపీమేస్త్రి లేకుండానే రాత్రికి రాత్రి అంతస్తు మీద అంతస్తుగా లేస్తుంటావు.

ఐదేళ్ల చదువు. అంతదాకా సమస్య మాస్టారిది, జవాబు పిల్లలది. ఓ బంగళా గియ్యమంటే బంగళా, బడి అంటే బడి. నీ దగ్గరికొచ్చేసరికి ప్రశ్న కూడా వాళ్లే వెతుక్కోవాలి. ఏ ఊరు, ఏ నేల, ఎవరి కోసం? ఆ మూడోది అడిగిన రోజే నువ్వు కడుపున పడతావు.

పోచంపల్లి నేతవాళ్లకో పనిచోటు గీద్దామని బయల్దేరిన అమ్మాయినే తీసుకోండి. చేతిలో టేపు, భుజాన సంచి. ముందు గుంటమగ్గం కొలుస్తుంది. గుంట లోతెంత, నేసేటప్పుడు మోచెయ్యి ఎంత దూరం ఆడుతుంది, కిటికీ వెలుతురు ఏ పక్కనుంచి నూలు మీద పడుతుంది, అన్నీ రాసుకుంటుంది. తర్వాత మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఆసు పోసే ఇల్లాలి పక్కన కూర్చుంటుంది. ఒక్క చీరకి ఆ చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారని ఆవిడే చెబుతుంది. కొలతలయ్యాయనుకుని బయటికొస్తే వీధి పొడవునా పడుగు దారాలు సాచి ఉంటాయి. అప్పుడు వెలుగుతుంది పిల్లకి: ఈ ఇళ్లన్నిటిలోకీ పెద్ద గది ఇంటి బయటే ఉందని. ఆ రాత్రి ప్లానులో ఏసీ వర్క్‌షాపు హాలు కొట్టేసి, వేపచెట్ల నీడన ఓ పొడుగాటి వీధి గీస్తుంది. బటర్ పేపర్ మీద ఆ ఒక్క గీతకి నేను మొక్కుతాను.

నీకు క్లయింటు లేడు, అదే నీ భాగ్యం. చదరపు అడుగు ఎంతకి పోతుందని బేరాలాడేవాడు లేడు, పైన ఇంకో ఫ్లోరు లేపెయ్యమనేవాడు లేడు. మూడు మెట్ల అరుగుంది చూడు, 45 సెంటీమీటర్లు. మనం ఒక్క ఊపున ఎక్కేస్తాం. చక్రాల కుర్చీకైతే పన్నెండు పాళ్లకి ఒక పాలు ఎత్తు చొప్పున 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. (మన ఆఫీసుల ముందున్న ర్యాంపుల సంగతి ఎందుకులెండి, వాటి మీద మోటారు సైకిలు ఎక్కిస్తారు.) నీ ప్లానులో మాత్రం ఆ 5.4 మీటర్లూ సెంటీమీటరు తరగకుండా ఉంటాయి. మాడల్లోనూ ఉంటాయి. 1:200 స్కేలులో మనిషంటే ఎనిమిది మిల్లీమీటర్ల అట్టముక్క. తెల్లవారుజామున మూడింటికి, వేళ్లకి అంటిన ఫెవిక్విక్ గోటితో గిల్లుకుంటూ, ఆ ముక్కని పట్టుకారుతో ర్యాంపు మొదట్లో నిలబెడతారు. ఆ బుల్లి మనిషి పైకి రాగలడా లేదా అన్నదే ఈ యజ్ఞమంతా.

అలాగని అందరికీ దండం పెట్టను. సంగీత కళాశాలని వీణ ఆకారంలో, ధ్యాన మందిరాన్ని తామరపువ్వులా గీసేసి కాన్సెప్ట్ అనేవాళ్లున్నారు. డబ్బిచ్చి చేయించుకున్న రెండర్లో సిరిసిల్ల ఆకాశం దుబాయ్‌లా మెరుస్తుంటుంది. వాటికో నమస్కారం, దూరం నుంచే.

నువ్వు కాగితం దిగవన్న మాట మాత్రం ఒప్పుకోను. మోషే సఫ్డీ 1961లో మాంట్రియల్ మెక్‌గిల్ యూనివర్సిటీలో థీసిస్ చేశాడు. అపార్టుమెంటులో బతికేవాడికీ సొంత తోట ఎందుకుండకూడదని అతని గొడవ. 1967 ఎక్స్‌పోకి అదే ఊళ్లో అది హాబిటాట్ 67గా లేచింది: ఒకదానిమీదొకటి పేర్చిన 354 కాంక్రీటు పెట్టెలు, 158 ఇళ్లు, కింది ఇంటి కప్పు మీద పై ఇంటి తోట. మన పంజాబ్‌లో, ఆనంద్‌పూర్ సాహిబ్‌లో విరాసత్-ఎ-ఖల్సా మ్యూజియం కట్టిన చెయ్యి కూడా అదే. ఇవాన్ లియోనిదోవ్ 1927లో మాస్కోలో థీసిస్‌గా గీసిన లెనిన్ ఇన్‌స్టిట్యూట్‌కి ఒక్క ఇటుకా పడలేదు, అయినా ఆర్కిటెక్చర్ చరిత్ర పాఠాల్లో ఇప్పటికీ నిలబడే ఉంది. థేమ్స్ వంతెన మీద హోటల్ గీసి చదువు ముగించిన జహా హదీద్‌కి 2004లో ప్రిట్జ్‌కర్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి ఆడమనిషి ఆవిడే.

జ్యూరీ రోజున నీ సంబరం చూడాలి. మేనమామలు పెళ్లికూతుర్ని గంపలో మోసుకొచ్చినట్టు, నలుగురు జూనియర్లు నాలుగు మూలలా పట్టుకుని మాడల్‌ని ఆటోలోంచి దించుతారు. గోడంతా ఎ1 షీట్లు. ఎదురుగా ముగ్గురు పెద్దలు, చల్లారిన టీ. "కాన్సెప్ట్ బాగుందమ్మా, టాయిలెట్లు ఎక్కడ?" "ఫైరింజన్ ఎటు తిరుగుతుంది?" "ఈ వీధికి వానొస్తే?" మొదటి రెండిటికీ షీటు చూపిస్తుంది పిల్ల. మూడోదానికి ఒక్క క్షణం ఆగి, "పడుగు చుట్టేస్తారు సార్, ఇప్పుడూ అంతే చేస్తున్నారు" అంటుంది. ఊరు నేర్పిన జవాబది, ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఆ తర్వాత డిగ్రీ, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్, ఉద్యోగం. షీట్లు ట్యూబులో చుట్టుకుని అటకెక్కుతాయి. ఇదొక్కటే నాకు నచ్చదు. థీసిస్ చేసే పిల్లలూ, ఒక్క ప్రింటు తీసుకుని ఎవరి కోసం గీశారో వాళ్ల ఊరెళ్లి గోడకి అంటించి రండి. జ్యూరీ వెయ్యలేని ప్రశ్నలు మగ్గం మీది మనిషి వేస్తాడు. చదువుతున్న మీకూ ఒక మనవి. రేపెప్పుడో ఎండలో ఓ కుర్రాడో అమ్మాయో వచ్చి మీ అరుగు కొలుచుకుంటామని అడిగితే, కాసిని మంచినీళ్లిచ్చి, టేపు రెండో కొస మీరు పట్టుకోండి.