మూత్రాశయపు కాన్సరు: సూచకాల జోస్యం ఎంతవరకు నమ్మదగినది?

మూత్రాశయంలో పుట్టే కాన్సరుకు ఒక చెడ్డ గుణం ఉన్నది. తీసివేసినా అది తిరగబెడుతుంది. ఎక్కువమందిలో మొదట అది లోపలి పొరలను దాటి కండరంలోకి దిగదు. అట్టి గడ్డను వైద్యులు మూత్రమార్గం గుండా పరికరం పంపి గీకి తీసివేస్తారు. కొంతకాలానికి అదే చోటనో, ప్రక్కనో మరొకటి మొలుస్తుంది. అందుచేత రోగి సంవత్సరాల తరబడి ఆస్పత్రికి వస్తూ, సిస్టోస్కోపు అనే దీపపు గొట్టంతో మూత్రాశయం లోపలి భాగాన్ని చూపించుకొనవలసి ఉంటుంది.

ఎవరికి తిరగబెడుతుందో ముందే తెలిస్తే ఎంతో మేలు. ప్రమాదం తక్కువగా ఉన్నవారికి ఈ గొట్టపు బాధ తగ్గించవచ్చు. ఎక్కువగా ఉన్నవారికి గట్టి చికిత్స త్వరగా మొదలుపెట్టవచ్చు. కాని జోస్యం తప్పితే నష్టం రెండు వైపులా ఉన్నది. ఒకడు అక్కరలేని తీవ్రమైన మందులు మింగుతాడు. మరొకడు భయం లేదనుకొని ఇంటికి పోయి, రోగం ముదిరిన తరువాత తిరిగి వస్తాడు.

వైద్యుల దగ్గర ఒక లెక్క ఇదివరకే ఉన్నది. యూరప్‌లో జరిగిన ఏడు చికిత్సా ప్రయోగాలలోని 2,596 మంది రోగులను పరిశీలించి 2006లో దానిని తయారుచేశారు. గడ్డలు ఎన్ని, ఎంత పెద్దవి, ఇంతకుముందు ఎంత తరచుగా వచ్చినవి, ఎంత లోతుకు దిగినవి, కణాల రూపం ఎంత చెడినది, పొరలో పరచుకొన్న కాన్సరు కూడా ఉన్నదా, అనే ఆరు విషయాలే దానికి ఆధారం. ఆ లెక్క ప్రకారం ఒక్క ఏడాదిలో తిరగబెట్టే అవకాశం నూటికి 15 నుండి 61 వరకు, అయిదేండ్లలో 31 నుండి 78 వరకు ఉంటుంది. అయితే ఒకే లెక్క వచ్చిన ఇద్దరిలో ఒకరికి తిరగబెట్టి, మరొకరికి తిరగబెట్టకపోవచ్చు. ఆ తేడాను కణం లోపలి పదార్థాలు చెప్పగలవేమోనన్న ఆశతోనే సూచకాల వేట మొదలైనది.

ఆ వేటలో అందరి కంటె ముందు పేరుపొందినది పి53 అనే ప్రోటీను. ఇది కణానికి కావలివాని వంటిది. కణంలోని డి.ఎన్.ఏ. దెబ్బతింటే విభజనను ఆపుతుంది. బాగుపడని కణాన్ని చంపుతుంది. దీని జన్యువు చెడినప్పుడు పనికిరాని ప్రోటీను త్వరగా నశించక కేంద్రకంలో పేరుకొంటుంది. గడ్డ ముక్కకు తగిన రంగు పట్టిస్తే సూక్ష్మదర్శినిలో అది కనబడుతుంది. మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించిన 243 మందిలో ఇట్లా పేరుకొన్నవారికే రోగం ఎక్కువగా తిరగబెట్టినదని 1994లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రిక ప్రకటించినది. ఆ వెనుక పరిశోధనలు వెల్లువగా వచ్చినవి. 2005 నాటికి 117 అధ్యయనాలు, 168 వ్యాసాలు పోగైనవి. వాటన్నింటినీ తూచి చూచిన సమీక్షకులు, ఈ ప్రోటీను రోగి భవిష్యత్తును చెప్పగలదో లేదో తేల్చడానికి ఆధారాలు చాలవన్నారు.

ఇన్ని వ్యాసాలు ఉండి కూడా ఎందుకు చాలలేదు? ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు పద్ధతి వాడారు. నూటికి ఎన్ని కేంద్రకాలకు రంగు పడితే చెడినట్టు అనే హద్దు కూడా ఒకరిది ఒకరికి కలియలేదు. ఫలితం చూచిన తరువాత హద్దు గీస్తే ఏ సూచకమైనా గొప్పదిగానే కనబడుతుంది. కొందరు తొలిదశ రోగులను, ముదిరినవారిని ఒకే కుప్పగా పోశారు. అనుకూల ఫలితాలు అచ్చుకెక్కి, ప్రతికూల ఫలితాలు అలమారులో ఉండిపోవడం కూడా శాస్త్రలోకంలో కొత్త కాదు.

చివరకు అసలైన పరీక్ష పెట్టారు. 521 మంది చేరగా 499 మందిలో పి53ను చూచారు; 272 మందిలో చెడినట్టు తేలినది. వారిలో 114 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు నాలుగు మందుల రసాయన చికిత్స ఇచ్చారు; రెండవ జట్టును కనిపెట్టి చూచారు. ప్రయోజనం కనబడే అవకాశం లేదని దానిని మధ్యలోనే ఆపివేశారు. 2011లో వెలువడిన ఫలితంలో, అయిదేండ్లలో తిరగబెట్టినది నూటికి సుమారు 20 మందికే. పి53 చెడినవారికీ బాగున్నవారికీ తేడా లేదు. ఈ ప్రయోగానికీ లోపాలున్నవి. సూచకం చెడినవారిలో సగానికి పైగా చికిత్సా పరీక్షకు రాలేదు. మందు పొందవలసినవారిలో మూడవవంతు మంది పూర్తిగా పొందలేదు. కనుక మందు పనికిరాదని దీనితో తీర్పు చెప్పలేము. కాని జోస్యుని మాట మాత్రం నిలువలేదు.

సూచకాలన్నీ ఇంతేనా? కాదు. కాన్సరు కణాలు చచ్చినప్పుడు వాటి డి.ఎన్.ఏ. తునకలు రక్తంలోకి వస్తవి. మూత్రాశయాన్ని తీసివేసిన తరువాత కూడా అవి దొరికితే, రోగం ఎక్కడో మిగిలి ఉన్నదని అర్థం. పి53 తీసివేసిన గడ్డ స్వభావాన్ని చెప్పవలసినది. ఇది మిగిలిన రోగపు జాడనే చూపుతుంది. 2021లో 581 మంది రక్తాన్ని చూడగా 214 మందిలో ఈ తునకలు దొరికినవి. వారికే రోగం త్వరగా తిరగబెట్టినది. అయితే అది గడచిన ప్రయోగాన్ని వెనుదిరిగి చూచిన లెక్క. పరిశోధకులు అక్కడ ఆగక, తునకలు దొరికిన 250 మందితో కొత్త ప్రయోగం చేశారు. శరీర రక్షణశక్తిని మేల్కొలిపే అటెజోలిజుమాబ్ అనే మందు పొందినవారిలో రోగం తిరిగి రాని మధ్యస్థ కాలం 4.8 నెలల నుండి 9.9 నెలలకు, ఆయుష్షు 21.1 నెలల నుండి 32.8 నెలలకు పెరిగినట్లు 2025లో తేలినది. ఇది నిజమైన లాభమే. అయినా ఆ మందు పొందినవారిలోనూ సగం మందికి పది నెలల లోపుననే రోగం తిరిగి వచ్చినదో, ప్రాణమే పోయినదో అన్న సంగతి మరువరాదు.

ఈ ఫలితం కండరంలోకి దిగిన రోగానికే చెందుతుంది. గొట్టపు పరీక్షకు మాటిమాటికీ వచ్చే మొదటి రోగికి దీనివలన సెలవు దొరకదు. వాని కొరకు మూత్రంలో ఎన్.ఎం.పి.22 అనే ప్రోటీనును చూచే పరీక్ష వచ్చినది. 2006లో ప్రకటించిన ఒక అధ్యయనంలో రోగం తిరగబెట్టిన 103 మందిలో గొట్టంతో 94 మందిని కనుగొన్నారు. మూత్రపరీక్ష ఒక్కటే 51 మందిని పట్టినది. కాని గొట్టం విడిచిన తొమ్మిది మందిలో ఎనిమిది మందిని అది పట్టుకొన్నది. అంటే తోడుగా పనికివస్తుంది, బదులుగా పనికిరాదు.

కనుక కొత్త సూచకం ఒకటి దొరికినదని వార్త వచ్చినప్పుడు అడుగవలసినవి మూడు ప్రశ్నలు. తెలిసిన ఆరు విషయాలకు మించి అది ఏమి చెప్పినది? హద్దును ముందుగా గీచి, మరొకచోట మరికొందరిలో చూచారా? దాని మాట విని చికిత్స మార్చినవారు మార్చనివారి కంటె బాగుపడినారా? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి, మూడవదాని దగ్గర మౌనం వహించే సూచకం పరిశోధనశాలలోనే ఉండవలెను. రోగి మంచం దగ్గరకు రావడానికి దానికి ఇంకా కాలం ఉన్నది.