ఫైలు ఎక్కడుందో చెప్పే యాప్

తార్నాక చౌరస్తా దగ్గరి జిరాక్స్ షాపుల ముందు సెమిస్టరు చివర్లో ఒక గొడవ కనబడుతుంటుంది. ల్యాబ్ రికార్డుకు ప్రింట్లు కావాలి. కుర్రాడు ప్రోగ్రాం ఫోన్‌లోనే రాశాడు, అది నడిచింది, జవాబు సరిగ్గానే వచ్చింది, సేవ్ కూడా నొక్కాడు. ఇప్పుడా ఫైలు ఎక్కడుందో తెలీదు. షాపతను "వాట్సాప్ కొట్టు తమ్మీ" అంటాడు. కొట్టాలంటే ముందు దొరకాలి కదా! వెనక నలుగురు నిలబడి ఉంటారు. చివరికి స్క్రీన్‌షాట్లు తీసి వాటినే ప్రింటు వేయించుకుని పోతాడు.

ఇందులో అతని తప్పు తక్కువే. ఫైలన్నది మామూలు మనిషి కంట పడనక్కర్లేదన్న ఆలోచనతో తయారైనవి స్మార్ట్‌ఫోన్లు. ఫొటో అంటే గ్యాలరీలో ఉంటుంది, పాట అంటే పాటల యాప్‌లో ఉంటుంది. అవి డిస్కులో ఏ మూలన ఉన్నాయో మనకెందుకు? ఐఫోన్‌లో ఫైల్స్ అనే యాప్ వచ్చిందే 2017లో, ఐఓఎస్ 11తో. అంతకు ఐదేళ్ల ముందే ఓలె జోర్న్ ఐఫోన్‌లో పైథాన్ ప్రోగ్రాములు రాసుకునేందుకు పైథానిస్టా యాప్ తెచ్చినప్పుడు, ఫోన్ చూపించని ఫైళ్ల జాబితాను తన యాప్ లోపల తనే కట్టుకోవాల్సి వచ్చింది. వాడుకునేవాడికి ఈ దాపరికం హాయిగానే ఉంటుంది. ప్రోగ్రాం రాసేవాడికి మాత్రం గండం. పైథాన్‌లో ఓపెన్ అని రాసి బ్రాకెట్లలో ఒక పేరు ఇస్తాం. ఆ పేరును పైథాన్ ఏ ఫోల్డర్లో వెతుకుతుందో తెలియకపోతే మిగతా ప్రోగ్రామంతా ఎంత బాగా రాసినా దండగే.

ఉస్మానియా క్యాంపస్‌లో ల్యాప్‌టాప్ లేని పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోనే కంప్యూటరు. వాళ్లలో చాలామంది చేతిలో ఉండేది పైడ్రాయిడ్ 3. మంచి యాప్. ఇన్‌స్టాల్ చేయగానే నెట్ లేకుండా పైథాన్ నడుస్తుంది, పసుపు పచ్చ బటన్ నొక్కితే చాలు. కానీ దాని పాత వెర్షన్లలో ఏదైనా తప్పు వస్తే, తెరమీద ముందుగా కనబడేది ఆ యాప్ సొంత ఫైలు పేరు, దాని లైను నంబరు. మనం రాసిన లైను కింద ఎక్కడో వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడు "నేను ఈ ఫైలు రాయనే లేదే" అని బెంబేలెత్తిపోతాడు. పనివాడు తన పనిముట్లను నడింట్లో వదిలేసి వెళ్లినట్టుంటుంది.

ఈ విషయంలో నన్ను ఆకట్టుకున్నది టెర్మక్స్. స్వీడన్‌కు చెందిన ఫ్రెడ్రిక్ ఫార్న్‌వాల్ 2015లో మొదలుపెట్టిన యాప్ ఇది. నిజానికిది పైథాన్ యాప్ కాదు, టెర్మినల్. నల్లటి తెర, మెరిసే కర్సరు, అంతే. అందులో ఒక్క కమాండుతో పైథాన్ దింపుకోవచ్చు. చూడగానే భయం పుట్టిస్తుందన్న మాట నిజమే. అయినా ఫైళ్ల దగ్గర దాని పనితనం చూస్తే ఆ నలుపుకు అలవాటు పడటం నష్టమేమీ కాదనిపిస్తుంది.

ముందు ఆండ్రాయిడ్ కట్టిన గోడల సంగతి. ప్రతి యాప్‌కూ ఆండ్రాయిడ్ ఒక వేరే యూజరు నంబరు ఇస్తుంది, దానికొక సొంత ఫోల్డరు ఇస్తుంది. ఒక యాప్ ఫోల్డర్లోకి ఇంకో యాప్ తొంగిచూడలేదు. దీనికి బయట అందరికీ ఉమ్మడిగా ఒక స్టోరేజీ ఉంటుంది. డౌన్‌లోడ్స్, కెమెరా ఫొటోలు, వాట్సాప్ పత్రాలు ఉండేది అక్కడే. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పటి నుంచి ఈ ఉమ్మడి జాగా మీద కూడా గూగుల్ ఆంక్షలు బిగిస్తూ వచ్చింది. భద్రత కోణంలో అది సబబే. టార్చిలైటు యాప్‌కు మన ఆధార్ స్కాన్‌తో పనేముంది?

చాలా యాప్‌లు ఈ రెండు జాగాల తేడాను మన దగ్గర దాచేస్తాయి. టెర్మక్స్ దాచదు. పైథాన్ ఫైళ్లు సొంత హోమ్ ఫోల్డర్లో ఉంటాయి. ఉమ్మడి జాగాలోకి పోవాలంటే టెర్మక్స్-సెటప్-స్టోరేజ్ అనే కమాండు ఒక్కసారి కొట్టాలి. ఫోన్ అనుమతి అడుగుతుంది, సరే అంటాం. హోమ్‌లో స్టోరేజ్ అనే కొత్త ఫోల్డరు పుడుతుంది. దాన్ని తెరిస్తే షేర్డ్, డౌన్‌లోడ్స్, డీసీఐఎం, పిక్చర్స్, మ్యూజిక్, మూవీస్ కనబడతాయి. ఇవేవీ అసలు ఫోల్డర్లు కావు, అసలు చోటును చూపించే సింబాలిక్ లింకులు. వాటిలో ఒక్క ఫైలు కూడా నకలు కాదు. డౌన్‌లోడ్స్ లింకులోంచి పైథాన్ ఒక ఫైలు తెరిస్తే, క్రోమ్ దింపిన అసలు ఫైలునే తెరిచినట్టు.

ఇక్కడే టెర్మక్స్ తయారుచేసినవాళ్ల తెలివి కనబడుతుంది. వాళ్లు కొత్త ఫైల్ బ్రౌజరు కట్టలేదు, బటన్లు పెట్టలేదు, మెనూలు పేర్చలేదు. యూనిక్స్‌లో దశాబ్దాలుగా ఉన్న సింబాలిక్ లింకునే తీసుకుని ఫోన్ గోడకు తలుపుగా బిగించారు. ఎల్ఎస్ కమాండుకు ఆ లింకుల జాబితా వివరంగా చూపమంటే ప్రతి పేరు పక్కనా బాణం గుర్తు, ఆ బాణం తర్వాత అసలు చిరునామా వస్తాయి. ఫైలు ఎక్కడుందన్న ప్రశ్నకు జవాబు అక్కడే, తెరమీదే ఉంటుంది. పైథాన్ 3.4తో 2014లో వచ్చిన పాత్‌లిబ్ కూడా దీనికి చక్కగా జతకూడుతుంది. పాత్.హోమ్() / "స్టోరేజ్" / "డౌన్‌లోడ్స్" అని స్లాష్‌లతో కలుపుకుంటూ పోతే చిరునామా తయారు.

ఒక ఫైలు వెంట నడిచి చూద్దాం. క్లాసు గ్రూపులో సార్ మార్కుల పట్టికను సీఎస్‌వీ ఫైలుగా పంపారు. వాట్సాప్ దాన్ని ఉమ్మడి జాగాలో, ఆండ్రాయిడ్ ఫోల్డర్లోని మీడియా ఫోల్డర్లో, తన పేరున్న చోట, వాట్సాప్ డాక్యుమెంట్స్ అనే ఫోల్డర్లో పెడుతుంది. ఏడెనిమిది మెట్లు దిగితే తప్ప దొరకని చోటు. పైగా ఆ చివరి ఫోల్డరు పేరు మధ్యలో ఖాళీ ఉంది. టెర్మినల్లో ఖాళీ అంటే ఒక మాట ముగిసి ఇంకో మాట మొదలైందని అర్థం. పేరును కోట్స్‌లో పెట్టకపోతే ఒక్క ఫోల్డరు రెండుగా చీలిపోయి "అలాంటిదేం లేదు" అని తిట్టు వస్తుంది. ఫోన్ కీబోర్డు మీద ఇదంతా టైపు చేయాలంటే ఎవరికైనా ప్రాణం విసుగుతుంది. అందుకే టెర్మక్స్ కీబోర్డు పైన తనవి రెండు వరసల మీటలు అదనంగా పెట్టింది. వాటిలో స్లాష్ ఉంది, ట్యాబ్ ఉంది, బాణాలున్నాయి. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుంది, ఖాళీ ఉన్నచోట దానికి కావలసిన గుర్తు కూడా అదే పెడుతుంది. చిరునామాలు టైపు చేసేవాడి వేలికి ఏం కావాలో ఆలోచించి పెట్టిన మీటలవి.

ఆ తిప్పలూ వద్దనుకుంటే వాట్సాప్‌లోనే షేర్ నొక్కి టెర్మక్స్‌ను ఎంచుకోవచ్చు. ఫైలును ఏ పేరుతో ఉంచాలో అడిగి, హోమ్‌లోని డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్లో పెడుతుంది. అదే చోట ఎడిట్ చేయాలా, ఫోల్డరు తెరవాలా అనీ అడుగుతుంది. ఎక్కడ పెట్టిందో చెప్పకుండా మాత్రం పెట్టదు.

బయటి నుంచి లోపలికి ఇంకో తలుపు కూడా ఉంది. దీన్ని చాలామంది గమనించరు. ఆండ్రాయిడ్‌లో డాక్యుమెంట్స్ ప్రొవైడర్ అనే ఏర్పాటు ఒకటుంది. దాన్ని వాడుకుని టెర్మక్స్ తన హోమ్ ఫోల్డరును ఫోన్‌లోని ఫైళ్ల ఎంపిక తెరలో ఒక డ్రైవులా చూపిస్తుంది. ఈమెయిలుకు ఫైలు జతచేసేటప్పుడు పక్కనుంచి మెనూ లాగితే గూగుల్ డ్రైవ్ సరసన టెర్మక్స్ అన్న పేరూ ఉంటుంది. జిరాక్స్ షాపు దగ్గర కుర్రాడికి కావలసింది సరిగ్గా ఇదే.

రెండు జాగాల స్వభావాలూ వేరు. ఆ తేడాను టెర్మక్స్ చెరపదు, అది నాకు నచ్చింది. ఉమ్మడి జాగా పాత మెమరీ కార్డులా ప్రవర్తిస్తుంది. ఇంగ్లిషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు అక్కడ తేడా లేదు. పెద్ద ఎల్‌తో ల్యాబ్1 ఉన్నచోట చిన్న ఎల్‌తో ఇంకో ల్యాబ్1 పెట్టలేం. హోమ్‌లో అయితే అవి రెండూ వేర్వేరు ఫైళ్లు. ఉమ్మడి జాగాలో సింబాలిక్ లింకులు కుదరవు కాబట్టి పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అక్కడ కడదామంటే మొరాయిస్తుంది. ఫైలును నేరుగా నడిపే అనుమతీ అక్కడ దొరకదు, పైథాన్‌ను పిలిచి దానిచేత చదివించుకోవాల్సిందే. కాబట్టి ప్రోగ్రాములు హోమ్‌లో ఉంచుకుని, డేటాను, ఫలితాలను ఉమ్మడి జాగాలో పెట్టుకోవడం మేలు. ఎవరూ చెప్పకపోయినా వారం తిరక్కుండా వాడుకలోనే ఇది ఒంటబడుతుంది.

తెలుగు పేర్ల విషయానికొస్తే చిన్నబడి, పెద్దబడి బాధ మనకు లేనే లేదు. 1919లో తరగతులు మొదలైనప్పుడు సైన్సు కూడా ఉర్దూలో చెప్పడానికి అనువాద శాఖనే పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉస్మానియా. ఇక్కడ కూర్చుని ఫైలుకు తెలుగు పేరు పెట్టుకోవడానికి మొహమాటమెందుకు? టెర్మక్స్‌లో, పైథాన్‌లో అది ఇబ్బంది లేకుండా నడుస్తుంది. లోపలి లెక్క మాత్రం తెలిసి ఉండాలి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు. ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అంటే 85 సంకేతాలు. తార్నాక అన్న పేరు కంటికి మూడక్షరాలే అయినా, గుణింతం గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కకొచ్చి 7 సంకేతాలవుతుంది, 21 బైట్లు తింటుంది. వార్తల శీర్షికలంత పొడుగు పేర్లు పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాలి.

దీనికన్నా తుంటరిది ఇంకోటుంది. పొల్లు తర్వాత కొన్ని తెలుగు కీబోర్డులు జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనబడని గుర్తును చేరుస్తాయి. ఫోన్ అని పొల్లుతో ముగిసే పేరు ఆ గుర్తుతో ఒకటి, లేకుండా ఒకటి హోమ్ ఫోల్డర్లో పక్కపక్కనే ఉండొచ్చు. కంటికి తేడా కనబడదు, పైథాన్‌కు మాత్రం అవి రెండు ఫైళ్లు. అనుమానమొస్తే పేరును యాస్కీ అనే ఫంక్షన్‌కు ఇచ్చి చూడాలి, కనబడనిది నంబరుగా బయటపడుతుంది. తెలుగు ఫైలును ఫోన్ నుంచి విండోస్ ఉన్న ల్యాబ్ కంప్యూటరుకు తీసుకెళ్లేటప్పుడు కూడా జాగ్రత్త. ఆండ్రాయిడ్‌లో పైథాన్ తనంతట తాను యూటీఎఫ్-8 అనుకుంటుంది. విండోస్‌లో పైథాన్ 3.14 దాకా అలా అనుకోదు. ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ ఏమిటో రాసేస్తే ఏ గొడవా లేదు.

టెర్మక్స్ లోపల ఇంకా లోతైన పని ఒకటుంది. లినక్స్ ప్రోగ్రాములన్నీ తమ సరంజామా యూఎస్ఆర్ లాంటి పాత చిరునామాల్లో ఉంటుందని నమ్ముకుని రాసినవి. ఆండ్రాయిడ్‌లో ఆ చిరునామాలు లేవు. టెర్మక్స్ వాళ్లు ప్యాకేజీ ప్యాకేజీకీ ఆ దారులు మార్చి, ఆండ్రాయిడ్ సొంత సీ లైబ్రరీ అయిన బయోనిక్‌కు సరిపోయేలా మళ్లీ కంపైల్ చేసి ఇస్తారు. నంపై లాంటివి పిప్‌తో కాకుండా టెర్మక్స్ ప్యాకేజీగానే దింపుకోవడం సులువని చెప్పేది అందుకే. ఎవరో వేరే కంప్యూటర్లో రాసిన పైథాన్ ఫైలు మొదటి లైనులో పాత చిరునామా ఉన్నా, టెర్మక్స్-ఎగ్జెక్ అనే చిన్న లైబ్రరీ మధ్యలో అందుకుని దాన్ని సరైన చోటికి మళ్లిస్తుంది. ఈ పని వాడేవాడికి కనబడదు, కనబడనక్కర్లేదు కూడా. ఏది చూపించాలో ఏది చూపించనక్కర్లేదో వీళ్లకు బాగా తెలుసు.

ఇక టెర్మక్స్‌ను ఎక్కడి నుంచి దింపుకోవాలన్న సంగతి. ఆండ్రాయిడ్ 10 నిబంధనల ప్రకారం కొత్త యాప్ తన ఫోల్డర్లోకి దింపుకున్న ప్రోగ్రామును నడపకూడదు. టెర్మక్స్ బతుకే దాని మీద. అందుకే పాత నిబంధనల స్థాయిలోనే నిలబడి, 2020లో ప్లే స్టోరుకు అప్‌డేట్లు ఆపేసి, ఎఫ్-డ్రాయిడ్, గిట్‌హబ్ దారి పట్టింది. ఎక్కడి నుంచి దింపారో దాని అనుబంధ యాప్‌లూ అక్కడి నుంచే దింపాలి, లేకపోతే సంతకాలు కలవక ఇన్‌స్టాల్ కావు.

ఆ అనుబంధాల్లో టెర్మక్స్ విడ్జెట్ నాకు బాగా నచ్చినది. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే షార్ట్‌కట్స్ అనే ఫోల్డరు చేసి అందులో ఒక స్క్రిప్టు పెడితే, ఆ పేరు ఫోన్ ముందు తెరమీద విడ్జెట్‌లో ప్రత్యక్షమవుతుంది. నొక్కితే నడుస్తుంది. దీనికి ఫోల్డరే సెట్టింగు. మార్కుల పట్టిక చదివి సగటు లెక్కగట్టి ఫలితాన్ని డౌన్‌లోడ్స్‌లో పడేసే నాలుగు లైన్ల పైథాన్‌ను అలా పెట్టుకుంటే నల్లతెరలో ఏమీ టైపు చేయకుండానే పని అయిపోతుంది.

లోపమూ ఉంది, చిన్నది కాదు. యాప్ తీసేస్తే హోమ్ మొత్తం పోతుంది. ఆండ్రాయిడ్ నియమం అది, టెర్మక్స్ చేయగలిగింది తక్కువే. టెర్మక్స్-బ్యాకప్ అనే కమాండు ఉంది, కానీ అది దింపుకున్న ప్యాకేజీలనే కట్ట కడుతుంది, హోమ్ ఫోల్డరును కాదు. రాసిన ప్రోగ్రాములను గిట్‌లో పెట్టి, ఫోన్ బయట ఉన్న సర్వరుకు పంపుకోవడం తేలిక. గిట్ కూడా పైథాన్‌లాగే ఒక్క కమాండుతో వస్తుంది. ఫోన్ మార్చేవాళ్లు, మెమరీ నిండిందని యాప్‌లు ఏరేసేవాళ్లు, ప్లే స్టోరు టెర్మక్స్ నుంచి ఎఫ్-డ్రాయిడ్ టెర్మక్స్‌కు మారేవాళ్లు ముందు ఈ పని చూసుకుని తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ మీద వేలు పెట్టాలి.