పేరు తప్పు పోకూడదు

బెలారస్ జైలుకు ఉత్తరం రాయాలంటే ముందు కుదరాల్సింది పేరు. ఖైదీ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ కవరు మీద రష్యన్ అక్షరాల్లో ఉండాలి. ఆ లిపి నాకు రాదు. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు ఒక్కో అక్షరం దిద్దుకుంటాను. లోపలి నాలుగు ముక్కలు ఆ దేశంలో డాక్టరీ చదివొచ్చిన మా స్నేహితురాలి కూతురు రష్యన్‌లో పెడుతుంది. జైలువాళ్లు చదివాకే చేరాలి గనుక రాజకీయం రాయను. వానలు, మామిడి పూత, పిల్లల పరీక్షలు, అంతే. మరియా కోలెస్నికోవా ఫ్లూట్ వాయిస్తారు. ఆమెకు పిల్లనగ్రోవి పట్టిన కృష్ణుడి బొమ్మ కార్డు పంపాను.

2020 ఎన్నికల్లో బెలారస్ అధ్యక్షుడు లుకషెంకోకు ఎదురు నిలిచిన ముగ్గురు మహిళల్లో ఆమె ఒకరు. ఆ సెప్టెంబరులో పట్టుకెళ్లి ఉక్రెయిన్ సరిహద్దు దాటించబోతే తన పాస్‌పోర్టు తానే చింపేశారు. మరుసటి ఏడాది 11 ఏళ్ల శిక్ష పడింది. 2023 ఫిబ్రవరి నుంచి ఏడాదిన్నర దాటినా ఇంటివాళ్లకే ఆమె కబురు లేదు. నా కార్డు అంది ఉంటుందని అనుకోను.

మరి రాయడం ఎందుకంటారు. ఉత్తరం మొదట పడేది జైలు ఉద్యోగి చేతిలో. ఈ మనిషిని అడిగేవాళ్లు ఎక్కడో హైదరాబాదులో కూడా ఉన్నారని అతనికి తెలియాలి. 1973లో బ్రెజిల్ సైనిక పాలకులు లూయిజ్ రోసీ అనే ప్రొఫెసర్‌ని పట్టుకెళ్తే, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తన మొట్టమొదటి అత్యవసర పిలుపు ఆయన కోసమే ఇచ్చింది. సంగతి బయటికి పొక్కింది గనుక ఇక తనను చంపలేరని అప్పుడే అర్థమైందని ఆయన తర్వాత చెప్పారు.

ఖైదీలను వదలమని అధ్యక్షుడికి రాసేటప్పుడు మాత్రం కడుపు మండుతుంది. అయినా ‘గౌరవనీయులైన అధ్యక్షుల వారికి’ అనే మొదలుపెడతాను. తిట్టు రాస్తే చించి పారేయడానికి వాళ్లకో సాకు దొరుకుతుంది.

2025 డిసెంబరు 13న మరియాతో సహా 123 మందిని వదిలారు. బదులుగా అమెరికా బెలారస్ పొటాష్ మీద ఆంక్షలు ఎత్తేసింది. మన రైతులు పొలంలో చల్లే పొటాషే. మనుషుల్ని ఎరువుకు మారకం వేశారన్న కోపం నాకింకా తగ్గలేదు. పైగా మరియాను తీసుకెళ్లింది, ఒకప్పుడు వెళ్లనని పాస్‌పోర్టు చింపిన ఉక్రెయిన్‌కే.

ఉత్తరాలే వాళ్లను విడిపించాయని చెప్పను. కానీ బేరానికి కూర్చున్నవాళ్లకు ఎవరిని అడగాలో తెలియాలి కదా! అలెస్ బియాలియాట్స్కీ 1996లో పెట్టిన ‘వియాస్నా’ మానవ హక్కుల సంస్థ రాజకీయ ఖైదీల జాబితాను పేరుపేరునా రాస్తూ వచ్చింది. 2021లో ఆయన్నే లోపలేశారు. 2022లో నోబెల్ శాంతి బహుమతి జైల్లో ఉండగానే వచ్చింది. ఆయనా ఆ డిసెంబరులోనే బయటికొచ్చారు.

ఆ తర్వాత కూడా జాబితాలో వెయ్యికి పైగా పేర్లు మిగిలాయి. నోబెల్ వచ్చినవాళ్లకు ఎవరో ఒకరు రాస్తారు. అందుకే ఇప్పుడు ఎవరూ వినని పేర్లు ఎంచుకుంటున్నాను. ఇంటర్నెట్‌లో ఒక వ్యాఖ్య రాసినందుకు జైలుకు పోయినవాళ్లు, ఖైదీల కుటుంబాలకు తిండి సాయం చేసినందుకు జైలుకు పోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు.