బ్రేకుల్లేని బండి మీద ఆరు కిరీటాలు

స్పీడ్‌వే బండికి బ్రేకులుండవు. గేర్లు మార్చే పనీ లేదు. 500 సీసీ ఇంజను, ఒకే సిలిండరు, పెట్రోలు బదులు మిథనాల్. నలుగురు రైడర్లు మట్టి ట్రాకు మీద నాలుగు చుట్లు తిరుగుతారు. నిమిషంలో పందెం అయిపోతుంది. మొదటివాడికి 3 పాయింట్లు, ఆ తర్వాత 2, 1. చివరివాడికి సున్నా.

మలుపులన్నీ ఎడమకే. మలుపు రాగానే మనమైతే వేగం తగ్గిస్తాం. వీళ్లు యాక్సిలరేటర్ ఇచ్చి వెనక చక్రాన్ని కావాలనే జారనిస్తారు. బండి అడ్డం తిరుగుతుంది. ముందు చక్రాన్ని కుడికి తిప్పి, ఉక్కు తొడుగు వేసిన ఎడమ బూటును నేలకు రాస్తూ పోతారు. వేగాన్ని అదుపు చేసేదీ, బండిని తిప్పేదీ ఆ జారే చక్రమే. భయపడి యాక్సిలరేటర్ ఠక్కున వదిలారో, చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికి బండి మనిషిని ఎత్తి పడేస్తుంది. అందుకే ఇక్కడ ధైర్యం కన్నా మణికట్టు ముఖ్యమంటాను.

పోలండ్ రైడర్ బార్తోష్ జ్మార్జ్లిక్‌కు ఈ మణికట్టుతో పాటు ట్రాకును చదివే కన్నూ ఉంది. పందేలు జరిగేకొద్దీ చక్రాలు లోపలి మట్టిని బయటికి చిమ్ముతాయి. ముందు లోపలి గీత దగ్గరున్న పట్టు మెల్లగా కంచె వైపు జరుగుతుంది. దూరం ఎక్కువైనా ఆ దారే వేగమని ముందుగా పసిగట్టినవాడిదే పందెం. వెనకబడ్డాక కంచెను ఒరుసుకుంటూ వచ్చి ముందున్నవాళ్లను దాటడం జ్మార్జ్లిక్‌కు మామూలే.

1995లో పుట్టిన ఇతను గొజూఫ్ పట్టణ క్లబ్బులో ఎదిగాడు. 2014లో, పందొమ్మిదేళ్లకే, సొంత ట్రాకు మీద, ప్రపంచ టైటిల్‌కు లెక్కలోకొచ్చే గ్రాండ్ ప్రి పోటీ ఒకటి గెలిచాడు. పోలండ్‌లో ఈ ఆటకున్న పిచ్చి అంతా ఇంతా కాదు, వార్సాలో జాతీయ స్టేడియమే నిండుతుంది. అయినా 1973లో యెజీ ష్చాకియెల్ గెలిచాక, తోమాష్ గొల్లోబ్ 2010లో గెలిచేదాకా ఆ దేశానికి ప్రపంచ వ్యక్తిగత టైటిల్ లేదు. జ్మార్జ్లిక్ 2019, 2020 రెండేళ్లూ గెలిచాడు. 2021 చేజారింది.

మళ్లీ 2022. ఆ మరుసటి ఏడాది డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో అర్హత పరుగుకు నిబంధనకు సరిపోని సూటు వేసుకొచ్చాడని పోటీ నుంచే తప్పించారు. సూటు కోసం అంత శిక్షా? నాకైతే చాదస్తమే అనిపించింది. ఆఖరి పోటీలో, టోరూన్‌లో, టైటిల్ నిలబెట్టుకున్నాడు. 2024 కూడా అతనిదే.

2025లో ఆస్ట్రేలియా రైడర్ బ్రేడీ కర్ట్జ్ వరసగా గ్రాండ్ ప్రిలు గెలుస్తూ తరుముకొచ్చాడు. అదే వోయెన్స్‌లో సీజన్ ముగిసేసరికి జ్మార్జ్లిక్ ఆధిక్యం ఒక్క పాయింటు. దాంతో ఆరు టైటిళ్లతో పాత ఛాంపియన్లు ఐవన్ మాగర్, టోనీ రికార్డ్‌సన్‌ల సరసన చేరాడు. అతని పందెం వీడియో కంటబడితే జారే బండిని కాదు, మలుపులో అతని కుడిచేతిని చూడండి.