లియరు నాటకముపై టాల్‌స్టాయి ఆక్షేపణ

రష్యా నవలాకర్తలలో అగ్రగణ్యుడైన టాల్‌స్టాయి 1906వ సంవత్సరమున ప్రకటితమైన వ్యాసమున షేక్స్పియరు కీర్తిని సమూలముగ ప్రశ్నించెను. ఆ నాటకములను ఆంగ్లమునను, రష్యను జర్మను భాషలయందును పలుమారు చదివియు, డెబ్బదియైదేండ్ల వయసున మరల పరిశీలించియు తనకు కలిగినది విసుగే యని చెప్పెను. కావున నిది సమాధానమున కర్హమైన పూర్వపక్షము.

అతడు పరీక్షకు గైకొన్నది లియరు రాజు నాటకము. పాత్రలెల్ల ఒకే అలంకృతభాష పలుకుట, సన్నివేశములు అస్వాభావికములగుట ముఖ్యదోషములనెను. మొదటిది పద్యనాటకముల కన్నింటికిని తగులును, రెండవదే విచార్యము. వృద్ధరాజు కుమార్తెల ప్రేమను మాటలతో కొలిచి రాజ్యము పంచుటకు హేతువేమి? 1605లో ముద్రితమైన పాత లీరు నాటకమున హేతువు స్పష్టము. భార్యావియోగముచే రాజు పరలోకచింతకై రాజ్యము విడువదలచెను. వలచినవానినేగాని వరింపనన్న కడగొట్టు కుమార్తెను ఈ పరీక్షచే మాటలో చిక్కించి, తాను కోరిన వరున కీయదలచెను. షేక్స్పియరు ఈ యుక్తిని తొలగించెను. కావున పాత నాటకమే మేలని టాల్‌స్టాయి తీర్పు.

ఇచట కాళిదాసు చేసిన మార్పు స్మరణీయము. భారతమున దుష్యంతుడు తెలిసియే శకుంతలను నిరాకరించెను. కాళిదాసు దుర్వాసుని శాపమును కల్పించి ఆ నిరాకరణమునకు హేతువు కూర్చెను. పూర్వకథ రసవిరుద్ధమైనచో మార్చుకొనవచ్చునని ఆనందవర్ధనుని మతము. నాయకుడు నిర్దోషియైననే అచట శృంగారము నిలుచును.

లియరు కథలో స్థితి విపరీతము. పాత యుక్తిని నిలిపినచో రాజు కుమార్తె వివాహమునకై ఉపాయము పన్నిన తండ్రి మాత్రమే యగును, అపరాధము పలుచనగును. ఆ నాటకమున రాజు మరల రాజ్యము నొందును, కుమార్తె బ్రతుకును. ఆ శుభాంతమున కా హేతువు చాలును. షేక్స్పియరు కోరినది కరుణము. స్తోత్రము వినగోరిన రాజు తుపానులో పడు వేదన స్వయంకృతము. కడపట కార్డీలియా కళేబరము నెత్తుకొని వచ్చునపుడు ఆ రసము పరాకాష్ఠ నందును.

తన చెంత పెరిగిన కుమార్తెల స్వభావమును రాజెట్లు ఎరుగకుండునని టాల్‌స్టాయి శంక. మొదటి రంగము చివరనే దీనికి సమాధానము కలదు: తండ్రికి ఆత్మజ్ఞానము ఎన్నడును స్వల్పమే యని ఆ కుమార్తెలే చెప్పుకొందురు. హేతువు లోపింపలేదు, ఉపాయమునుండి స్వభావమునకు మారినది.

హేతువును వెదకుమన్న టాల్‌స్టాయి ప్రశ్న గ్రాహ్యము, తీర్పు త్యాజ్యము. శాకుంతలమును లియరును ప్రక్కప్రక్కన నుంచి ఆ ప్రశ్న వేసినచో, ఒక కవి హేతువును ఏల చేర్చెనో, వేరొక కవి ఏల తొలగించెనో విద్యార్థులకు తేటపడును.